ఆకుపచ్చ డబ్బాలు

కాలు మొద్దుబారిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. బెంచీ మీద మడిచి కింద పెట్టుకున్న ఎడమకాలు, మోకాలి దగ్గర మొదలై, మెల్లమెల్లగా పాదం దాకా తనది కాకుండా పోయింది. తీసి చాపుకుంటే సరిపోతుంది. చాపుకోవడం లేదు. ఎదురుగా యజమాని గది తలుపు మూసి ఉంది. తలుపుకున్న గరుకు గాజులోంచి ఆడిటరు గారి తల బూడిదరంగు మచ్చలా కనిపిస్తోంది. ఆ మచ్చ వంగుతోంది, ఆగుతోంది, మళ్ళీ వంగుతోంది. రాస్తోందన్నమాట. "నాకొక గంట ఇవ్వండి, రిపోర్టు రాసుకుని అందర్నీ పిలుస్తాను," అని నవ్వుతూ తలుపు వేసుకుంది పెద్దావిడ. గంటయ్యాక తలుపు తెరుచుకుంటుంది, అందరూ లోపలికి వెళ్తారు, ఈ ఫ్యాక్టరీకి నాణ్యత సర్టిఫికెట్ ఇవ్వొచ్చో లేదో ఆవిడ చదివి వినిపిస్తుంది, చివర్లో మీ వైపు నుంచి ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడుగుతుంది. అడిగి తీరుతుంది, అది వాళ్ళ పద్ధతి. ఆ ప్రశ్న వచ్చే లోపల ఆమెకు భయం వేయాలి. పొద్దుట్నించీ వేస్తుందేమోనని చూస్తోంది. వస్తానని కబురు పెట్టి రాని చుట్టంలా, భయం రావడం లేదు.

బెంచీకి ఎదురుగోడ మీద నాణ్యతా విధానం వేలాడుతోంది, అద్దం ఫ్రేములో, చుట్టూ సన్నటి బంగారు గీత. అందులోని మాటలు ఆమె కూర్చినవే. మా సేఫ్టీ వాల్వు ప్రతి వంటింటికీ మేమిచ్చే మాట అని మొదటి వాక్యం. రాసిన రోజున ఆ వాక్యాన్ని చూసుకుని ఎంత మురిసిందో, ఇంటికెళ్ళి అమ్మకి చదివి వినిపిస్తే, బాగానే ఉందే, పెళ్ళి శుభలేఖలో కూడా వేయించుకో అంది అమ్మ. ఇప్పుడు ఆ అక్షరాలు అక్షరాల్లా లేవు, గోడ మీద పాకి ఎక్కడో ఆగిపోయిన పురుగుల్లా ఉన్నాయి. గాజు మీద ట్యూబులైటు వెలుగు పడి రెండో వాక్యం కనిపించడం లేదు. రెండో వాక్యం ఏమిటో గుర్తు తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. తనే రాసింది, రాలేదు. లోపల షెడ్డులో లేతులు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, సన్నగా, ఇత్తడిని గీస్తున్న చప్పుడు, ఒకప్పుడు ఆ చప్పుడు వింటే పళ్ళు జివ్వుమనేవి, తర్వాత అలవాటైంది, ఇవాళ అది ఎవరి ఫ్యాక్టరీలోనో తిరుగుతున్నట్టుంది. ఇత్తడి కడ్డీ ముక్కలవుతుంది, ముక్కకు చిల్లు పడుతుంది, ఆ చిల్లులో మెత్తటి లోహం చుక్క ఒకటి పోస్తారు. బొటనవేలి గోరంత బొత్తం, అంతే. ప్రెషర్ కుక్కరు మూతకి బిగిస్తారు దాన్ని. లోపల నీళ్ళు ఇగిరిపోయి, వేడి హద్దు దాటితే, ఆ చుక్క కరిగిపోవాలి. కరిగితే ఆవిరి బయటికి పోతుంది. కరగకపోతే మూత పోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు పెద్దాయన చెప్పింది ఇదే. పెద్దాయన అంటే యజమాని, ఇక్కడ అందరూ ఆయన్ని అలాగే అంటారు. అరచేతిలో వాల్వు పెట్టి, "దీని పనంతా కరిగిపోవడమేనమ్మా. జీవితాంతం ఊరికే కూర్చుని, ఒక్కరోజు కరుగుతుంది. ఆ ఒక్కరోజు కరక్కపోతే ఇంకెందుకు?" అన్నాడు. ఆయన మాట చాలా నచ్చింది అప్పుడు. చేతులకి నూనె మరకలు, జేబులో కొలత పరికరం, లేతు మీద పనిచేస్తూ ఈ షెడ్డు కట్టుకున్న మనిషి. ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెడ దగ్గర బొత్తం కూడా పెట్టుకున్నాడు, ఊపిరాడనట్టు ఉన్నాడు.

పొద్దున్న ఆమె రిజెక్టు బోనులోకి వెళ్ళింది, ఆడిటరు గారు రాకముందే ఒకసారి తాళం సరిగ్గా ఉందో లేదో చూద్దామని. షెడ్డు మూల ఇనప జాలీ వేసిన చిన్న గది, దాన్ని బోను అంటారు అందరూ, పనికిరాని సరుకు ఎటూ పారిపోకుండా పెట్టే చోటు గనక. లోపల మూడు డబ్బాలు వరసగా ఉన్నాయి, నిగనిగలాడుతూ, ఇంకా రంగు వాసన వేస్తూ. మూత ఎత్తింది. ఖాళీ. రెండోది ఎత్తింది. ఖాళీ. మూడోది ఎత్తకుండానే తెలిసింది, అయినా ఎత్తింది, అడుగున ఒకే ఒక్క వాల్వు పడుంది, డబ్బా మడతలో ఇరుక్కుని. దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఇత్తడి చల్లగా ఉంది. చీర మీద తొడుక్కున్న పనికోటు జేబులో వేసుకుంది. పెళ్ళి సెలవు మీద వెళ్ళే ముందు ఆమె స్వయంగా పరీక్షించి పనికిరాదని పక్కన పెట్టిన సరుకది. వేడి నూనె తొట్టిలో వేస్తే కరగాల్సిన చోట కరగలేదు, హద్దు దాటింది, ఇంకా దాటింది, చుక్క కదల్లేదు, పోసిన లోహంలో పాళ్ళు తప్పాయి. ఒకటి కాదు, తీసిన ప్రతీదీ అంతే. మొత్తం సరుకంతా ఎర్ర డబ్బాల్లో పోయించి, బోనులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి స్టోర్సు అక్క చేతిలో పెట్టి వెళ్ళింది. ఎర్ర డబ్బాల్లో. ఆ మాట దగ్గరకొచ్చేసరికి ఆమె బుర్ర ప్రతిసారీ ఒక అరసెకను ఆగుతోంది, అరిగిన మెట్టు దగ్గర కాలు ఆగినట్టు.

"ఆ ఆకుపచ్చ డబ్బాల్లోవా? నిన్న లారీకెక్కించేశాం కదమ్మా," అన్నాడు ప్యాకింగ్ మేస్త్రి, టీ గ్లాసు ఊదుకుంటూ. "అక్కడ ఎండకి పెట్టున్నాయి. ఆర్డరుకి సరుకు తక్కువ పడిందని పెద్దాయన చెవిలో జోరీగలా పోరుతున్నాడు. చూస్తే నిండా సరుకు, ఆకుపచ్చ డబ్బాలు. హమ్మయ్య అనుకుని పోసేశాం. ఏం, లెక్క తేడా వచ్చిందా?"

"అవి రిజెక్టువి, మేస్త్రీ."

"ఊరుకోమ్మా. ఆకుపచ్చంటే ఓకే. ఎరుపంటే ముట్టుకోవద్దు. నువ్వే కదా మాచేత వల్లె వేయించావ్, ఎక్కాల్లాగా!"

నవ్వాడు మేస్త్రి. ఆమె కూడా నవ్వింది, పెదాలు రెండు వైపులా లాగితే నవ్వవుతుంది కదా, లాగింది. నిజమే, వల్లె వేయించింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత అందర్నీ గోడకానుకుని కూర్చోబెట్టి, చేతిలో రెండు మూతలు పట్టుకుని, ఇదేంటి అంటే ఓకే, ఇదేంటి అంటే ముట్టం అని అరిపించింది. మేస్త్రి మరీ గట్టిగా అరిచేవాడు, ఇంట్లో మా ఆవిడ వంటకి కూడా రెండు డబ్బాలు పెట్టాలమ్మా అని. పాపం ఒక్కరూ తప్పలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు చేశారు. ఆకుపచ్చ కనిపించింది, పంపారు. ఆమె సెలవులో ఉండగా, పెద్దాయన షెడ్డంతా తిరిగి చూసి, ఆడిటరు వచ్చే వేళకి ఈ ఎర్ర డబ్బాలు ఎదురుగా ఏమిటి, చూడగానే ఇక్కడంతా తప్పులే అనుకుంటారు, అన్నిటికీ ఒకే రంగు కొట్టించండి, చల్లగా ఉంటుంది కంటికి అన్నాడు. పెయింటరు తాళంచెవి అడిగాడు, స్టోర్సు అక్క ఇచ్చింది. అతను వాల్వులు గోనెపట్టా మీద గుమ్మరించి, డబ్బాలకున్న చీటీలు గీకేసి, రంగు వేసి, ఆరాక మళ్ళీ జాగ్రత్తగా సరుకు పోసి, ఎండలో పెట్టాడు. ప్యాకింగు వాళ్ళు సరుకు తీసుకుని, ఖాళీ డబ్బాల్ని మర్యాదగా ఎక్కడివక్కడే బోనులో సర్దారు. ఎవరూ దొంగతనం చేయలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందరూ శుభ్రం చేశారు, అంతే.

ఆమె కూడా చూసింది. సెలవయ్యాక నిన్న ఉదయం గేటులోంచి అడుగుపెడుతూనే చూసింది, ఎండలో వరసగా ఆరబెట్టిన ఆకుపచ్చ డబ్బాలు, లేత అరిటాకు రంగు, నీళ్ళు చల్లినట్టు మెరుస్తూ. అబ్బ అనుకుంది. ఆ వారంలో ప్రతిదానికీ అబ్బ అనుకుంటోంది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు, అబ్బ. ఇంటి తాళంచెవి ఇంకొకరి దగ్గర కూడా ఉండటం, అబ్బ. భర్త నిద్రలేవగానే కళ్ళజోడు కోసం దిండు కింద తడుముకోవడం, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే మనిషికి ఎప్పుడూ సొంత కళ్ళజోడు దొరక్కపోవడం, అది చూసి ఆమె పొట్ట పట్టుకుని నవ్వడం. పెళ్ళిచూపుల నాటి మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరికీ తెలియదు, ఒకరోజు గిన్నె జారిపోతుంటే పట్టుకో నువ్వు అని అరిచింది, పట్టుకున్నాడు, ఆ తర్వాత వెనక్కి వెళ్ళలేదు. డబ్బాల్ని చూడగానే వాళ్ళ వంటింటి కిటికీకి ముందురోజే కట్టిన తెర గుర్తొచ్చింది, అచ్చం అదే రంగు. ఫోను తీసి ఫోటో కొట్టి అతనికి పంపింది. మన తెర మా ఫ్యాక్టరీలో! అని రాసింది. అతను మూడు ఆకుల బొమ్మలు పంపాడు. ఆమె నవ్వుకుంటూ, డబ్బాల పక్కనుంచి, దాదాపు చీర తగిలేంత దగ్గరనుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మూత ఎత్తలేదు. అక్కడ ఎందుకున్నాయని అడగలేదు. ఫోనులో ఆ ఫోటో ఇంకా ఉంది. పొద్దున్నించి రెండుసార్లు తీసి చూసింది. పెద్దది చేసి చూస్తే, ఒక డబ్బా అంచు దగ్గర, రంగు సరిగా పడని చోట, గోరుతో గీసినంత ఎరుపు కనిపిస్తోంది. దాన్ని చూస్తున్నప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. ఎరుపు అనుకుంది. అంతే.

ఆమెకు గుర్తొచ్చేది ఎరుపు కాదు, గోధుమరంగు. పిన్ని వంటింటి పైకప్పు మీద మచ్చ. పిన్ని అంటే సొంత పిన్ని కాదు, పక్కింటావిడ, చిన్నప్పుడు బడినించి రాగానే అమ్మ లేకపోతే ఆవిడింట్లో కూర్చోబెట్టేవారు. ఒకరోజు బడినించి వచ్చేసరికి వీధి వీధంతా ఆవిడ గుమ్మంలో ఉంది. కుక్కరు పేలిందట. మూత పైకి వెళ్ళి కప్పుకి కొట్టుకుని కింద పడిందట. పిన్ని బతికింది, ఆ మాట అందరూ చాలాసార్లు అన్నారు, బతికింది కదా, బతికింది కదా అని. తర్వాత ఆవిడ నవ్వితే ముఖంలో ఒక సగమే నవ్వేది. రెండో సగం వినేది. కప్పు మీద మాత్రం ఉడికిన బంగాళాదుంపల మచ్చ ఉండిపోయింది. బాబాయి సున్నం వేయించాడు, మచ్చ తేలింది. మళ్ళీ వేయించాడు, మళ్ళీ తేలింది. పిల్లలందరూ ఆ మచ్చ కింద నిలబడి, ఇది ఏనుగు, కాదు పడవ అని వాదించుకునేవారు. పిన్ని వంట చేస్తూ, పడవేలేరా అనేది. ఆమె ఈ ఉద్యోగంలో ఎందుకు చేరింది అంటే అందుకే అని చెప్పుకుంటే బాగుండేది, కానీ అందుకు కాదు, ఇంటికి దగ్గరని చేరింది, బస్సు ఒకటే చాలని చేరింది. అయినా నూనె తొట్టి మీద వంగి, చుక్క ఎప్పుడు కరుగుతుందా అని చూసే ప్రతిసారీ, ఏ మూలో ఆ పడవ ఉండేది. కరిగిందంటే పడవ కదిలినట్టు ఉండేది. ఇవాళ పడవ కూడా మాట్లాడటం లేదు.

"నీకు దండం పెడతానమ్మా," అన్నాడు పెద్దాయన పొద్దున్న, ఆమె సంగతి చెప్పగానే, బోను పక్కన, గొంతు తగ్గించి. "సాయంత్రం దాకా ఊరుకో. ఆ సర్టిఫికెట్ చేతికి రానీ. కుక్కర్ల కంపెనీవాళ్ళు తెగేసి చెప్పారు, వచ్చే నెల నుంచి సర్టిఫికెట్ లేనివాళ్ళ దగ్గర ఒక్క బొత్తం కూడా కొనమని. ఇంతమందీ ఎక్కడికి పోతారు చెప్పు? ఆ తర్వాత నేనే ఏదో వంక పెట్టి సరుకు వెనక్కి తెప్పిస్తా."

"ఏం వంక పెడతారు సార్?"

"ఏదో ఒకటి. ప్యాకింగ్ బాలేదంటా."

"రేపు పొద్దున్నే బిగించడం మొదలెడతారు కదా సార్. మూతల మీదకెక్కాక ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?"

పెద్దాయన వంగి, కాళ్ళు తుడుచుకునే పట్టా వంకరగా ఉంటే చేత్తో సరిచేశాడు. లేచి, "తర్వాత చూద్దాం తల్లీ," అన్నాడు. తల్లీ అని ఎప్పుడోగానీ అనడు. ఆయన తర్వాత అంటే ఏమిటో ఆమెకు తెలుసు. పరీక్షగదిలో ఫ్యాను తిరగదు, చేరిన నాటినుంచీ తిరగదు, తర్వాత బాగుచేయిద్దాం అంటూనే ఉన్నాడు, నూనె తొట్టి పక్కన ఎండాకాలమంతా కొంగుతో చెమట తుడుచుకుంటూ ఉడికిపోయింది. చెడ్డమనిషి కాదు. పెళ్ళికి కారు పంపాడు, వచ్చి పెద్దరికంగా అటూ ఇటూ తిరిగి అందరూ భోంచేశాకే తిన్నాడు. తర్వాత అన్నప్పుడు నిజంగానే తర్వాత చేద్దామనే అనుకుంటాడు. ఆ తర్వాత అనేదానికి మాత్రం కాళ్ళు లేవు, అది నడిచి ఇక్కడిదాకా రాదు. రేపు పొద్దున్న ఇంకో ఊళ్ళో ఇంకో షెడ్డులో ఒకమ్మాయి మూత తీసుకుని, బొత్తం పెట్టి, బిగించి, పక్కకి జరుపుతుంది. ఆ అమ్మాయికి కూడా ఎవరో వల్లె వేయించి ఉంటారు, సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ సరుకు మళ్ళీ పరీక్షించక్కర్లేదు అని.

గాజులో మచ్చ కదిలింది. లేస్తోందా. లేదు, నీళ్ళు తాగుతోంది. తన సీసా తనే తెచ్చుకుంది ఆవిడ, టీ కూడా వద్దంది, పెద్దాయన ముఖం చిన్నబోయింది. వంగపండు రంగు చీర, నడిస్తే కిర్రుమనే చెప్పులు, ఎవరి దగ్గరకెళ్ళినా ఒకటే మాట, మీ పని నాకు నేర్పండి. లేతు దగ్గర నిలబడి నేర్పమంది, ప్యాకింగు దగ్గర కూర్చుని నేర్పమంది, మేస్త్రి ఉబ్బితబ్బిబ్బై అట్టపెట్టె మడవడం ఆవిడచేత రెండుసార్లు చేయించాడు. బోను దగ్గరకొచ్చినప్పుడు జాలీలోంచి లోపలికి చూసింది. "రిజెక్టులు ఇక్కడేనా?" అంది. ఇక్కడేనండీ అని ఆమె గొంతే అంది, చక్కగా, స్పష్టంగా, ఎవరో నొక్కితే పలికే గంటలా. "డబ్బాలు ఖాళీగా ఉన్నాయే!" పెద్దాయన ముందుకొచ్చి, "మా దగ్గర రిజెక్టులు తక్కువేనండీ," అన్నాడు. అబద్ధమేం కాదు అది కూడా. ఇప్పుడు ఒక్కటే ఉంది. ఆమె జేబులో. ఆడిటరు గారు ఆమె వైపు చూసింది, డబ్బాల వైపు చూసింది, "రంగు బాగుంది," అంది, కదిలింది. కిర్రు, కిర్రు, కిర్రు. ఆ క్షణంలో చెప్పొచ్చు. నోరు తెరిస్తే చాలు. నోరు ఎక్కడుందో వెతుక్కోవాల్సినట్టు అనిపించింది, చీకట్లో స్విచ్చు వెతుక్కున్నట్టు, చెయ్యి గోడంతా తడిమినట్టు, అప్పటికి ఆవిడ మంటలార్పే ఇసక బకెట్ల దగ్గరికి వెళ్ళిపోయింది, ఒక బకెట్లో ఇసక తక్కువుందని రాసుకుంది.

ఫోను కదిలింది. అతను. ఎత్తకూడదు ఆడిటు జరుగుతుంటే, కానీ చెయ్యి ఎత్తేసింది. "మేడమ్," అన్నాడు అతను గుసగుసగా, ఇవాళ షాపుకి సెలవు, రాగానే వేడిగా తిందువుగాని, నేనే వండుతానని పొద్దున్న చొక్కా చేతులు మడిచి ప్రగల్భాలు పలికాడు. "బంగాళాదుంపలకి ఎన్ని విజిల్స్? రెండా, మూడా? నేను రెండు అనుకుంటున్నా, కుక్కరు మూడు అనుకుంటోంది."

"మూడు."

"నీ బొత్తానికి సెల్యూట్ కొట్టే మొదలెట్టా. డ్యూటీలో ఉంది. సర్టిఫికెట్ వచ్చిందా?"

"ఇంకా లేదు."

"వస్తుందిలే. మీ డబ్బాలు చూస్తేనే ఇచ్చేస్తారు. ఏంటి, గొంతు అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"ఏమో. పక్కింటివాళ్ళ టీవీలోంచి వస్తున్నట్టుంది."

ఆ కుక్కరు పెళ్ళికి ఇక్కడివాళ్ళంతా కలిసి ఇచ్చింది. మూతకి వాళ్ళ వాల్వే ఉంది, ఇదిగో ఈ చిన్నది మేం చేసిందే అని మొదటిరోజు వేలు పెట్టి చూపిస్తే, అతను కళ్ళజోడు పైకెత్తి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, "అంటే రోజూ మనల్ని కాపాడేది ఇదా!" అని నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. అప్పట్నించి స్టవ్వు వెలిగించినప్పుడల్లా కొడతాడు. ఆమె మందలిస్తే, రక్షణశాఖతో పరాచికాలా అంటాడు. ఆ మూత మీదది పాత సరుకు, మంచి సరుకు, ఆమె చేత్తో పరీక్షించింది, దానికేం భయం లేదు. ఫోనులో విజిల్ వినపడింది, మొదటిది, పొడుగ్గా, దాని వెనక అతను ఒకటి అని అరవడం. ఆమెకు ఏడుపు రావాలి. రాలేదు. సెల్యూట్ కొట్టే చెయ్యి మాత్రం కనపడింది, పిండి అంటిన వేళ్ళు, నుదుటి దగ్గర. ఇంకో ఇంట్లో ఇంకెవరో, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, కొత్త కుక్కరు కొనుక్కుని, మూత పెట్టి, ఇంకో గదిలోకి వెళ్ళి ఏదో మాటల్లో పడి, ఎన్ని విజిల్స్ వచ్చాయో మర్చిపోతారు. కొత్తలో అలాగే మర్చిపోతారు. తనూ అతనూ కూడా మొన్న మర్చిపోయారు, నీళ్ళన్నీ ఇగిరిపోయి, చుక్క కరిగి, వంటిల్లంతా ఆవిరి, ఇద్దరూ పరుగెత్తుకొచ్చి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మర్నాడు ఆమె, తను పరీక్షించిన పాత సరుకులోంచే, ఇంకో బొత్తం బిగించింది. నవ్వుకున్నారు. అది నవ్వుకునే విషయంగా మిగలడానికి ఆ చుక్క కరగాల్సి వచ్చింది.

"ఉంటాను," అంది ఆమె. "రెండోది వచ్చాక మంట తగ్గించు. అక్కడే ఉండు. పక్కకి వెళ్ళకు."

స్టోర్సు అక్క వచ్చి పక్కన కూలబడింది, బెంచీ మూలిగింది. పొద్దున్నించి అక్క ముఖం మాడ్చుకుని తిరుగుతోంది, తాళంచెవి ఇచ్చింది తనే గనక. "కొత్తపెళ్ళికూతురా, ఏంటలా శిలలా కూర్చున్నావ్?" అంది. "టీ తాగావా? నాకైతే తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ స్టోర్సులో ప్రతి అర తెరిపించింది." తర్వాత గొంతు తగ్గించి, "పెద్దాయన తెప్పిస్తానన్నాడు కదే," అంది.

"ఫ్యాను కూడా బాగు చేయిస్తానన్నాడక్కా."

అక్క ఆమె వైపు చూసింది. అక్కకి ఇద్దరు పిల్లలు, ఇద్దరివీ బడి ఫీజులు ఈ షెడ్డులోంచే వెళ్తాయి. అక్క చెయ్యి వచ్చి ఆమె మోకాలి మీద పడింది, ఆ చెయ్యి బరువు ఆమెకు కళ్ళతోనే తెలిసింది, మోకాలికి తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. "రండి," అంది ఆడిటరు గారు, "అందరూ రండి, అయిపోయింది." పెద్దాయన ఎక్కడినుంచో ఊడిపడ్డాడు, మేస్త్రి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె లేచింది, ఎడమకాలు రాలేదు, కర్రని మోసుకొచ్చినట్టు దాన్ని మోసుకుని లోపలికి వెళ్ళి కుర్చీలో పడింది. గదిలో నారింజ తొక్క వాసన. బల్ల మీద తొక్కలు ఒక కాగితంలో చుట్టి పెట్టుకుంది పెద్దావిడ, తన చెత్త తను తీసుకుపోయే రకం. ఆవిడ చదవడం మొదలెట్టింది. గొంతు బడిలో హాజరు పిలిచేవాళ్ళ గొంతులా ఉంది, మెత్తగా, తొందరలేకుండా. ఇసక బకెట్టు. ఒక మిషను దగ్గర పాత డ్రాయింగు. రెండూ చిన్నవి, సరిచేసుకోండి. పనివాళ్ళకి వాళ్ళ పని బాగా తెలుసు, ముఖ్యంగా ప్యాకింగులో రంగుల పద్ధతి అందరికీ కంఠతా వచ్చు, అది నాకు నచ్చింది. మేస్త్రి మురిసిపోయి నేలచూపులు చూశాడు. సర్టిఫికెట్ ఇవ్వమని సిఫార్సు చేస్తున్నాను. పెద్దాయన మెడ దగ్గర బొత్తం విప్పుకున్నాడు. అది ఆమె చూసింది, బొత్తం కాజాలోంచి జారడం, ఆ కిందినించి ఆయన గొంతు ఒకసారి కదలడం, కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళు చూసి ఆమెకు జాలి వేయాలి. వేసిందేమో. ఎక్కడో, కాలిలాగా, ఉందనే తెలుస్తోంది.

"మీ వైపు నుంచి ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అంది ఆడిటరు గారు, కలం మూత పెట్టేస్తూ.

పెద్దాయన ఆమె వైపు చూశాడు. బెదిరింపు లేదు ఆ చూపులో. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చెయ్యి పట్టుకున్న మనిషి చూపులా ఉంది. గది బయట లేతు ఒకటి ఆగింది, ఇత్తడిని గీసే చప్పుడు ఆగింది. ఆమె ఏమీ అనుకోలేదు. ధైర్యం తెచ్చుకోవాలని కూడా అనుకోలేదు. రెండోది వచ్చి ఉంటుంది, మంట తగ్గించి ఉంటాడు, అనుకుంది. అనుకుంటూ ఉండగానే తను నిలబడి ఉంది. టీ తేవడానికి లేచిందనుకుని మేస్త్రి దారి ఇచ్చాడు.

"మేడమ్," అంది ఆమె, "ఆ ఆకుపచ్చ డబ్బాలు ఎర్రవి."

ఆడిటరు గారికి అర్థం కాలేదు. పెద్దాయనకి అర్థమైంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె జేబులో చెయ్యి పెట్టి, పొద్దున్నుంచి అక్కడే ఉన్న వాల్వు తీసి, బల్ల మీద నారింజ తొక్కల పక్కన పెట్టింది. ఇత్తడి ఇప్పుడు చల్లగా లేదు, ఒంటి వేడికి వెచ్చబడింది. "ఇది కరగదండీ. ఇలాంటివి మూడు డబ్బాల నిండా ఉండేవి. రంగు మార్చాం, మంచివనుకుని నిన్న లారీలో పంపించేశాం. నేను కూడా పక్కనుంచే వెళ్ళాను, చూడలేదు. రేపు పొద్దున్న వాళ్ళు బిగించడం మొదలెడతారు. ఈ సాయంత్రమే వాళ్ళకి చెప్పాలి."

ఆడిటరు గారు వాల్వుని వేలితో ఒకసారి దొర్లించింది. తర్వాత కలం మూత మళ్ళీ తీసింది. ఆ చిన్న టక్కు చప్పుడుతోనే మొదలైంది. మొదట పాదం అడుగున, సూదిమొన పెట్టినట్టు, తర్వాత వేళ్ళలోకి, మడమలోకి, పిక్కలోకి, వేల చీమలు ఒక్కసారి లేచి పరుగెత్తినట్టు, కాలు తిరిగి వస్తోంది. ఎంత నొప్పి! బల్ల అంచు పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, కాలి వల్లో మరి దేనివల్లో తెలియకుండా కారిపోతున్నాయి, అమ్మా అనుకుంది, అబ్బ అనుకుంది.

"కూర్చోవే, పడతావ్," అంది స్టోర్సు అక్క, జబ్బ పట్టుకుని.

"లేదక్కా," అంది ఆమె. "తిమ్మిరి వదులుతోంది. ఉండు."

బల్లకి అవతల పెద్దాయన కళ్ళు తెరిచాడు. ఎవరి వైపూ చూడకుండా, జేబులోంచి ఫోను తీసి, కుక్కర్ల కంపెనీ నంబరు కోసం వేలితో వెతకడం మొదలెట్టాడు. నంబరు దొరకడం లేదు. మేస్త్రి వంగి, తనే వెతికి ఇచ్చాడు.